బరువు తగ్గి రండి: ఒక వైద్య షరతు చరిత్ర

ఎనభయ్యవ దశకం నడుమ, నేను ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, శస్త్రచికిత్సకు రోగి తట్టుకోగలడో లేదో పరీక్షించి చెప్పవలసిన బాధ్యత నా మీద ఉండేది. ఒకనాడు బొడ్డు వద్ద హెర్నియాతో వ్యవసాయ కుటుంబానికి చెందిన ఒక స్త్రీ వచ్చింది. వయస్సు నలభై అయిదు ఉంటుంది. బరువు 108 కిలోలు. రక్తపోటు ఎక్కువగా ఉంది. మత్తు ఇవ్వడంలో ఉన్న అపాయాన్ని ఆలోచించి, ఆమె చీటీ మీద ‘బరువు తగ్గిన పిమ్మట రావలెను’ అని వ్రాసి పంపించాను.

ఎనిమిది నెలల తరువాత ఒక అర్ధరాత్రి ఆమె తిరిగి వచ్చింది. హెర్నియాలో ప్రేగు చిక్కుకొని, దానికి రక్తప్రసరణ ఆగిపోయింది. ఏ శస్త్రచికిత్సను అపాయకరమని నేను వాయిదా వేశానో, అదే శస్త్రచికిత్సను మరింత అపాయకరమైన స్థితిలో అప్పటికప్పుడు చేయవలసి వచ్చింది. చెడిపోయిన ప్రేగు భాగాన్ని తొలగించారు. ఆమె బ్రతికి బయటపడింది. కోలుకున్నాక, ‘ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదమ్మా?’ అని అడిగాను.

“తగ్గమని రాశారు గానీ ఎట్లా తగ్గాలో చెప్పలేదు గదయ్యా. ఒంటిపూట తిన్నాను. రాత్రిళ్ళు ఆకలికి నిద్ర పట్టేది కాదు. నాలుగు కేజీలు తగ్గి మళ్ళీ ఆరు పెరిగాను. ఆ మొహం పెట్టుకొని మీ దగ్గరికి ఎట్లా వచ్చేది?” అన్నది.

ఆ జవాబు నాకు నేటికీ గుర్తున్నది. ఆమెను ఆసుపత్రికి దూరం చేసింది హెర్నియా కాదు, సిగ్గు. ఆ సిగ్గును చీటీ మీద వ్రాసి ఇచ్చినవాడిని నేను.

ఇటీవల ఊబకాయానికి చేసే బేరియాట్రిక్ శస్త్రచికిత్సల గురించి పలువురు నన్ను అడుగుతున్నారు. వారిలో చాలామందిని కలవరపెట్టేది శస్త్రచికిత్స కాదు, దానికి ముందున్న షరతు. ‘బరువు తగ్గలేకనే గదా ఆపరేషన్‌కు వచ్చాను, దానికి ముందే బరువు తగ్గమంటే ఏమి న్యాయం?’ అన్నది వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం చెప్పాలంటే ఈ షరతు ఎక్కడ నుండి వచ్చిందో తెలుసుకోవాలి. దాని వెనుక రెండు వేర్వేరు మూలాలు ఉన్నాయి. ఒకటి శరీరధర్మానికి సంబంధించినది. రెండవది రోగి శీలాన్ని శంకించడం నుండి పుట్టినది. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగితే ఆ కష్టకాలాన్ని దాటడం కొంత తేలికవుతుంది.

ప్రాచీనులు చూసిన ఆకలి

చరక సంహిత సూత్రస్థానం ఇరవై ఒకటవ అధ్యాయంలో అతిస్థూలుని గురించిన చర్చ ఉన్నది. అతిస్థూలతకు ఎనిమిది దోషాలను చెబుతూ, వాటిలో అధికమైన ఆకలిని, అధికమైన దప్పికను కూడా చరకుడు చేర్చాడు. కొవ్వు చేత మార్గాలు మూసుకుపోగా వాయువు కోష్ఠంలో సంచరిస్తూ జఠరాగ్నిని ప్రజ్వలింపజేస్తుందనీ, అందువలన స్థూలకాయునికి ఆకలి మరింత తీవ్రమవుతుందనీ ఆయన వివరణ. ఆ వివరణను నేటి శాస్త్రం అంగీకరించదు. కాని ఆ పరిశీలన విలువైనది. ఆకలిని ఆయన తిండిపోతుతనంగా కాక రోగలక్షణంగా చూశాడు. అతికృశత్వం కంటె అతిస్థూలత చికిత్సకు కష్టతరమని కూడా ఆయన ఒప్పుకొన్నాడు.

చికిత్సగా ఆయన చెప్పిన సూత్రం ఇంకా ఆసక్తికరమైనది. స్థూలునికి ఇచ్చే ఆహారం గురువుగా ఉండాలి, కాని శరీరాన్ని పెంచనిదిగా ఉండాలి. అంటే కడుపులో బరువుగా నిలిచి ఆకలిని అణచాలి, పోషణ మాత్రం తక్కువగా ఇవ్వాలి. యవలు, పెసలు, ఉలవలు వంటివి ఆయన సూచించిన ధాన్యాలు. వ్యాయామాన్ని కూడా క్రమక్రమంగా పెంచమన్నాడు. మాంసకృత్తులు ఎక్కువగా, శక్తి తక్కువగా ఉండే నేటి శస్త్రచికిత్సా పూర్వాహారం వెనుక ఉన్న ఆలోచనకు ఇది చాలా దగ్గర.

బరువు తగ్గడం ఒక షరతుగా మారిన పాత ఉదంతం స్పెయిన్ చరిత్రలో ఉన్నది. పదవ శతాబ్దంలో లియోన్ రాజ్యాన్ని ఏలిన మొదటి సాంచో అతి స్థూలకాయుడు. గుర్రం ఎక్కలేని రాజు యుద్ధానికి పనికిరాడని ప్రభువులు 958లో ఆయనను సింహాసనం నుండి దింపివేశారు. ఆయన అమ్మమ్మ, నవార్రె రాణి తోడా పూనుకొని మనుమణ్ణి కార్డోబా నగరానికి తీసుకొనిపోయింది. అక్కడ ఖలీఫా కొలువులోని యూదు వైద్యుడు హస్దాయ్ ఇబ్న్ షప్రూత్ ఆయనకు చికిత్స చేశాడు. సాంచో బరువు తగ్గి, ఖలీఫా సైన్య సహాయంతో తిరిగి రాజ్యం పొందాడు. చికిత్సాకాలంలో ఆయన పెదవులను కుట్టివేశారని కూడా ఒక కథ ప్రచారంలో ఉన్నది. అది కథే కావచ్చును. కాని 1970 దశకంలో బ్రిటన్‌లో ఊబకాయుల దవడలను తీగతో బిగించి, ద్రవాహారం మీదనే ఉంచి బరువు తగ్గించడం కథ కాదు. తీగ విప్పిన తరువాత చాలామందిలో బరువు తిరిగి వచ్చింది. నోరు మూయించినంత మాత్రాన ఆకలి ఊరుకోదు.

మిన్నెసోటా నేర్పిన పాఠం

ఆకలి మనిషిని ఏమి చేస్తుందో శాస్త్రీయంగా పరిశీలించిన గొప్ప ప్రయోగం రెండవ ప్రపంచ యుద్ధం చివరిలో జరిగింది. యుద్ధం వలన ఐరోపాలో కోట్లమంది అర్ధాకలితో ఉన్నారు. వారిని తిరిగి ఆరోగ్యవంతులను చేయడం ఎలాగో తెలుసుకోవడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులను ఎన్నుకొన్నాడు. వారు యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి అంగీకరించక, ఈ సేవకు స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారు. ఆరోగ్యంలోనూ, మనోబలంలోనూ ఎంచదగినవారు. 1945 ఫిబ్రవరి నుండి 24 వారాల పాటు వారికి రోజుకు సగటున సుమారు 1,570 కిలో కేలరీల ఆహారం మాత్రమే ఇచ్చారు. వారు తమ బరువులో దాదాపు నాలుగవ వంతు కోల్పోయారు.

బరువు తగ్గడం ఊహించినదే. వారి మనస్సులో వచ్చిన మార్పు మాత్రం అందరినీ ఆశ్చర్యపరచింది. అంతవరకు లోకశాంతిని గురించి, మతాన్ని గురించి చర్చించిన యువకులు తిండి గురించి తప్ప మరొకటి మాట్లాడడం మానివేశారు. కొందరు వంటల పుస్తకాలు సేకరించారు. పళ్ళేలు నాకారు. చిరాకు, దిగులు, ఒంటరితనం వారిని ఆవరించాయి. ప్రయోగం ముగిసి కావలసినంత తినే అవకాశం వచ్చాక కూడా, కడుపు నిండినా ఆకలి తీరలేదని పలువురు చెప్పారు. కీస్ బృందం ఈ పరిశీలనలను 1950లో రెండు పెద్ద సంపుటాలుగా ప్రచురించింది.

ఆ యువకులు ఊబకాయులు కారు. వారి అనుభవాన్ని యథాతథంగా మన రోగులకు అన్వయించరాదు. అయినా ఒక సంగతి రుజువయింది. ఒక సిద్ధాంతం కోసం సమాజాన్నే ఎదిరించిన ధృడచిత్తులు కూడా ఆకలి ముందు లొంగిపోయారు. అందుచేత ఆహారం తగ్గించినప్పుడు మనస్సంతా తిండి చుట్టూ తిరగడం వ్యక్తిత్వ లోపం కాదు. అది శరీరం చేసే పని.

ఉపవాసపు వార్డులు

1959లో అమెరికా మనోవైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్, తన సహచరురాలితో కలిసి ఒక నిరాశాజనకమైన సత్యాన్ని బయటపెట్టాడు. న్యూయార్క్‌లోని ఒక పోషకాహార కేంద్రానికి వచ్చిన 100 మంది ఊబకాయులలో 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోలు, తగ్గినవారు పన్నెండుగురే. రెండు సంవత్సరాల తరువాత ఆ తగ్గుదలను నిలుపుకొన్నవారు ఇద్దరు. మిగిలిన 98 మందినీ సోమరులనడం సులభం. స్టంకార్డ్ అలా అనలేదు. లోపం చికిత్సలో ఉన్నదని అన్నాడు.

ఆ నిరాశలో నుండి 1960 దశకంలో ఆసుపత్రులలో సంపూర్ణ ఉపవాస చికిత్స వచ్చింది. రోగులను చేర్చుకొని వారాల తరబడి నీరు, విటమిన్లు, లవణాల మీద ఉంచేవారు. స్కాట్లండ్‌లోని డండీలో ఆంగస్ బార్బియెరీ అనే యువకుడు 1965, 1966 సంవత్సరాలలో వైద్యుల పర్యవేక్షణలో 382 రోజులు ఘనాహారం లేకుండా గడిపి 207 కిలోల నుండి 82 కిలోలకు తగ్గాడు. అది అసాధారణమైన ఉదంతం. అనుసరించదగినది కాదు. శరీరం కొవ్వుతో పాటు కండరాలను కూడా కరగించుకుంటుంది, రక్తంలోని లవణాలు తారుమారవుతాయి. ఉపవాస చికిత్సలో గుండె ఆగి రోగులు మరణించిన సందర్భాలు ఆనాటి వైద్య పత్రికలలోనే నమోదయ్యాయి. ఆ పద్ధతి క్రమంగా కనుమరుగయింది.

శస్త్రచికిత్స రంగప్రవేశం

కీస్ ఆకలి ప్రయోగం జరిపిన మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోనే, పదేళ్ళు తిరగకుండా, ఊబకాయ శస్త్రచికిత్స చరిత్ర కూడా ఆరంభం కావడం విచిత్రం. 1954లో క్రెమెన్, లిన్నర్ అనే శస్త్రవైద్యులు, వారి సహచరులు చిన్నప్రేవులలో అధికభాగాన్ని ప్రక్కకు తప్పించే పద్ధతిని గురించి ప్రకటించారు. తిన్న ఆహారం రక్తంలో చేరే దారిని కుదించడం దాని ఆంతర్యం. బరువు బాగా తగ్గేది. కాని విడవని విరేచనాలు, మూత్రపిండాలలో రాళ్ళు, కాలేయ వైఫల్యం వంటి ఉపద్రవాలు ఎక్కువై, 1980 ప్రాంతానికి ఆ పద్ధతిని విడిచిపెట్టారు.

నిలిచిన మార్గాన్ని చూపినవాడు అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ మేసన్. జీర్ణాశయంలోని పుండ్లకు ఆ కాలంలో జీర్ణాశయంలో కొంత భాగాన్ని తొలగించేవారు. అలా చేయించుకొన్న స్త్రీలు తిరిగి బరువు పెరగలేకపోవడం ఆయన గమనించాడు. 1966లో చికాషి ఇటోతో కలిసి గ్యాస్ట్రిక్ బైపాస్‌కు శ్రీకారం చుట్టాడు. మేసన్ నూరేళ్ళు జీవించి 2020లో మరణించాడు.

మొదట ఈ శస్త్రచికిత్సలన్నీ పొట్టను పొడవునా కోసి చేసేవే. 1990 దశకం తొలి సంవత్సరాలలో చిన్న రంధ్రాల ద్వారా, కెమెరా సహాయంతో చేసే లాపరోస్కోపీ వచ్చింది. గ్యాస్ట్రిక్ బైపాస్‌ను ఈ పద్ధతిలో చేయవచ్చునని విట్‌గ్రోవ్, క్లార్క్ అనే అమెరికా వైద్యులు 1994లో ప్రకటించారు. రోగికి నొప్పి తగ్గింది, గాయపు చీము తగ్గింది. కాని శస్త్రవైద్యునికి ఒక కొత్త ఆటంకం ఎదురయింది. అది కాలేయం.

కాలేయం అడ్డు వచ్చినప్పుడు

మన కాలేయపు ఎడమ భాగం జీర్ణాశయపు పైభాగాన్ని కప్పుకొని ఉంటుంది. శస్త్రచికిత్స జరగవలసిన చోటు సరిగా అక్కడే. కాలేయాన్ని పైకి ఎత్తి పట్టుకుంటే తప్ప ఆ చోటు కెమెరాకు కనబడదు. ఊబకాయులలో చాలామందికి కాలేయంలో కొవ్వు పేరుకొని అది పెద్దదవుతుంది, బరువెక్కుతుంది, పెళుసుబారుతుంది. ఎత్తబోతే చిట్లి రక్తం కారుతుంది. అటువంటప్పుడు లాపరోస్కోపీని ఆపి పొట్టను తెరవవలసి రావచ్చు, లేదా శస్త్రచికిత్సనే విరమించవలసి రావచ్చు.

దీనికి ఒక ఉపాయం ఉన్నది. కాలేయంలో కొవ్వుతో పాటు గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆహారంలో పిండిపదార్థాలను బాగా తగ్గిస్తే ముందు ఈ గ్లైకోజెన్, దానితో పాటు నీరు ఖర్చవుతాయి. ఆ వెనువెంటనే కాలేయంలోని కొవ్వు తరుగుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో 32 మంది 12 వారాల పాటు అత్యల్ప శక్తి ఆహారం తీసుకొన్నారు. వారి కాలేయ పరిమాణం సగటున 18.7 శాతం తగ్గింది. ఆ తగ్గుదలలో 80 శాతం మొదటి రెండు వారాలలోనే వచ్చింది. నేడు చాలా చోట్ల ఈ ఆహారాన్ని రెండు వారాలకు పరిమితం చేయడం వెనుక ఉన్న తర్కం ఇదే.

2011లో ప్రచురితమైన ఒక యాదృచ్ఛిక అధ్యయనంలో దాదాపు 300 మందిని రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టు 14 రోజులు అత్యల్ప శక్తి ఆహారం తీసుకొన్నది, మరొక జట్టు మామూలుగా తిన్నది. మొదటి జట్టులో శస్త్రచికిత్స సులభంగా సాగినట్లు శస్త్రవైద్యులు చెప్పారు. మొదటి నెల ఉపద్రవాలు ఆహారం పాటించిన జట్టులో 8, పాటించని జట్టులో 18.

శస్త్రచికిత్సకు ముందు బరువు తగ్గడానికి ఉన్న ప్రాముఖ్యం మరొక విధంగా కూడా బయటపడింది. 2000 ప్రాంతంలో న్యూయార్క్‌లో మిషెల్ గాన్యే బృందం అత్యధిక బరువున్న రోగులకు పెద్ద శస్త్రచికిత్సను ఒకేసారి చేస్తే ప్రమాదమని గుర్తించి, దానిని రెండు దశలుగా విడదీసింది. మొదటి దశలో జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా కుదించి, బరువు కొంత తగ్గాక రెండవ దశకు పోవాలన్నది ప్రణాళిక. మొదటి దశతోనే చాలామందికి తగినంత ఫలితం వచ్చింది. అదే ఈనాటి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఊబకాయానికి ప్రపంచంలో అత్యధికంగా చేస్తున్న శస్త్రచికిత్స, ఒకప్పుడు శస్త్రచికిత్సకు ముందు బరువు తగ్గించే మెట్టుగా పుట్టినదే.

షరతు పరీక్షగా మారిన వైనం

ఇంతవరకు చెప్పినది మొదటి మూలం. రెండవదానికి వద్దాము. 1991 మార్చిలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిపుణులను సమావేశపరచి, శరీర భార సూచిక, అంటే మనం బీఎంఐ అని పిలిచేది, 40 దాటినవారికి, లేదా 35 దాటి తీవ్రమైన అనుబంధ వ్యాధులున్నవారికి శస్త్రచికిత్సను పరిశీలించవచ్చునని తేల్చాయి. మొదటిసారి చికిత్సకు వచ్చినవారికి ముందుగా ఇతర మార్గాలను చూడాలని కూడా సూచించాయి. సమంజసమైన మాటే. కాని తరువాతి కాలంలో అమెరికా బీమా సంస్థలు పలువురికి నెలల తరబడి, తరచు ఆరు నెలలు, పర్యవేక్షణలో ఆహార నియమం పాటించినట్లు రుజువు చూపితే తప్ప ఖర్చు భరించమని పట్టుబట్టసాగాయి. ఒక నెల కాగితం తప్పినా లెక్క మళ్ళీ మొదటికి వచ్చేది.

ఇక్కడ షరతు ఉద్దేశం మారిపోయింది. కాలేయాన్ని కుదించడానికి రెండు వారాలు చాలు. ఆరు నెలలు దేనికి? రోగికి పట్టుదల ఉన్నదా లేదా అని తేల్చడానికి. అటువంటి నిబంధన వలన శస్త్రచికిత్స తరువాతి ఫలితం మెరుగవుతుందనడానికి ఆధారం లేదనీ, అది వివక్షతో కూడినదనీ, రోగులు విసిగి చికిత్సనే మానుకోవడానికి దారి తీస్తున్నదనీ అమెరికా బేరియాట్రిక్ శస్త్రవైద్యుల సంఘం 2016లో ఖండించింది. అంతర్జాతీయ సమాఖ్యతో కలిసి 2022లో వెలువరించిన మార్గదర్శకాలలోనూ ఇదే మాటను పునరుద్ఘాటించింది. ఆ మార్గదర్శకాలే బీఎంఐ హద్దును 35కు దించి, ఆసియా జనాభాకు 27.5 నుండే శస్త్రచికిత్సను పరిశీలించవచ్చునన్నాయి.

మన దేశంలో బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రమాణీకరించిన నిబంధనల ప్రకారం ఊబకాయ శస్త్రచికిత్సకు బీమా వర్తించాలంటే వైద్యుని సిఫారసు, బీఎంఐ 40 గాని, తీవ్ర అనుబంధ వ్యాధులతో 35 గాని ఉండడం, అంతకంటె తేలికైన పద్ధతులు విఫలమై ఉండడం అవసరం. కనుక మీరు ఇంతకుముందు చేసిన ప్రయత్నాల వివరాలను, ఆహార నిపుణుల చీటీలను, బరువు నమోదులను భద్రపరచుకొనండి. అవి మీ వైఫల్యానికి సాక్ష్యాలు కావు. మీకు మరొక చికిత్స అవసరమన్న దానికి సాక్ష్యాలు.

ఆకలికి లెక్క దొరికింది

చరకుడు గమనించిన ఆ ఆకలికి మూలం మన కాలంలో కొంత బోధపడింది. కొవ్వు కణాల నుండి వెలువడి మెదడుకు నిల్వల సమాచారం చేరవేసే లెప్టిన్‌ను 1994లోను, జీర్ణాశయం నుండి వెలువడి ఆకలిని పుట్టించే గ్రెలిన్‌ను 1999లోను కనుగొన్నారు. బరువు తగ్గినప్పుడు లెప్టిన్ తగ్గుతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. అంటే శరీరం దానిని కరవుగా భావించి తిండి వెదకమని మెదడును తొందర చేస్తుంది. ఈ మార్పులు ఒక సంవత్సరం గడచినా పూర్తిగా సర్దుకోలేదని మెల్‌బోర్న్ పరిశోధకులు 2011లో చూపారు. గ్యాస్ట్రిక్ బైపాస్ తరువాత మాత్రం బరువు తగ్గినా గ్రెలిన్ పెరగలేదని 2002లో ఒక అధ్యయనం తెలిపింది. శస్త్రచికిత్స కడుపును చిన్నది చేయడంతో ఆగదు, ఆకలి భాషనే మారుస్తుంది.

ఈ పరిశీలనలో పాఠకుని ప్రశ్నకు జవాబు ఉన్నది. ఏళ్ళ తరబడి బరువు తగ్గి నిలుపుకోవడం ఒక పని. రెండు వారాలలో కాలేయాన్ని కుదించడం మరొక పని. మొదటిది చేయలేకపోయినంత మాత్రాన రెండవది చేయలేరని అర్థం కాదు. వైద్యుడు అడుగుతున్నది రెండవది మాత్రమే.

ఆ రెండు వారాలు గడపడం ఎలా?

ముందుగా ఒక హెచ్చరిక. 1976లో అమెరికాలో ఒక వైద్యుడు వ్రాసిన పుస్తకం మూలంగా ద్రవరూపంలోని మాంసకృత్తులను మాత్రమే తాగి బరువు తగ్గే వెఱ్ఱి వ్యాపించింది. ఆ ద్రవాన్ని పశువుల చర్మాల నుండి తీసిన నాసిరకపు మాంసకృత్తులతో చేసేవారు. 1977, 1978 సంవత్సరాలలో దానితో ముడిపడిన మరణాలు దాదాపు 60 నమోదయ్యాయి. గుండె లయ తప్పి మరణించినవారిలో స్త్రీలే ఎక్కువ. కనుక అత్యల్ప శక్తి ఆహారాన్ని ఎవరికి వారు ఆరంభించరాదు. పొరుగువారి ఆహార పట్టికను అరువు తెచ్చుకోరాదు. ‘కొంచెం తింటే తగ్గుతామన్నారు, అసలు తినకపోతే ఇంకా త్వరగా తగ్గుతాము’ అన్న లెక్క ప్రాణాంతకం.

మధుమేహం ఉన్నవారు మొదటి రోజుకు ముందే వైద్యుని కలవాలి. తిండి తగ్గించి ఇన్సులిన్‌ను, కొన్ని రకాల మాత్రలను పాత మోతాదులోనే వాడితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రం ద్వారా చక్కెరను పంపే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు ఈ ఆహారంతో కలిస్తే రక్తం ఆమ్లపూరితమయ్యే అపాయం ఉన్నది. వాటిని ఎప్పుడు ఆపాలో వైద్యుడే చెప్పాలి. రక్తపోటు మందులను కూడా తగ్గించవలసి రావచ్చు. వారానికొకసారి తీసుకొనే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ సూదిమందులు వాడుతున్నవారు ఆ సంగతిని మత్తు వైద్యునికి తప్పక తెలపాలి. అవి కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి.

సాధారణంగా ఈ ఆహారం రోజుకు 800 కిలో కేలరీల ప్రాంతంలో ఉంటుంది. మాంసకృత్తులు ఎక్కువ, పిండిపదార్థాలు తక్కువ. మన ఇళ్ళలో ‘ద్రవాహారం’ అనగానే గంజి, రాగిజావ, పండ్లరసాలు, కొబ్బరినీళ్ళు గుర్తుకు వస్తాయి. అవి ద్రవాలే అయినా పిండి, చక్కెర కలవి గనుక కాలేయాన్ని కుదించే పనికి అడ్డు వస్తాయి. ఆసుపత్రివారు చెప్పిన మాంసకృత్తుల పానీయాలు, వారు అనుమతిస్తే వెన్న తీసిన పలుచని మజ్జిగ, పప్పు లేని చారు, కోడిగ్రుడ్డు తెల్లసొన, ఆకుకూరలు వంటివి ఉపయోగపడతాయి.

మొదటి మూడు నాలుగు రోజులు కష్టమైనవి. తలనొప్పి, నీరసం, చిరాకు, నోటి దుర్వాసన, మలబద్ధకం కలగవచ్చు. తరువాత శరీరం కొవ్వును ఇంధనంగా వాడుకొనడం మొదలుపెట్టాక చాలామందికి ఆకలి ఉధృతి తగ్గుతుంది. ఆ నాలుగు రోజులు ముఖ్యమైన పనులు పెట్టుకోకండి. పెళ్ళిళ్ళు, వ్రతాలు, పండుగలు లేని రోజులను చూసుకొని ఆరంభించండి. ఆహారాన్ని నియమిత వేళలకు విభజించుకొనండి. నీరు చాలినంత తాగండి. ఆకలి కెరటం వంటిది, లేస్తుంది, విరుగుతుంది. అది లేచిన వేళ వంటింట్లో కాక వీధిలో నడుస్తూ ఉండడం మేలు. కళ్ళు తిరిగినా, గుండె దడదడలాడినా, వాంతులు ఆగకపోయినా కెరటమని ఓర్చుకోక వెంటనే ఆసుపత్రికి తెలపండి.

‘ఇక జన్మలో తినలేమేమో’ అని ఆహార నియమానికి ముందు వారం రోజులు విందులు చేసుకొనేవారున్నారు. ఆ విందులు నేరుగా కాలేయంలో చేరతాయి, దానిని కుదించే పని మరింత బరువవుతుంది.

కుటుంబసభ్యులకు కూడా ఒక మాట. ‘ఒక్క ముద్ద తింటే ఏమవుతుందిలే’ అన్నది మన ఇళ్ళలో ప్రేమతో అనే మాట. ఈ రెండు వారాలు ఆ ప్రేమను మరొక రూపంలో చూపండి. అలాగే ‘నీ వల్ల కాదులే’ అన్న మాట కూడా వద్దు. మిన్నెసోటా యువకుల కథ గుర్తుంచుకొనండి. మీ ఎదుట చిరాకుపడుతున్నది ఆ మనిషి కాదు, ఆ మనిషి ఆకలి.

ఒకరోజు తప్పితే? అన్నీ పోయినట్లు కాదు. మరుసటి పూట నుండి తిరిగి ఆరంభించి, జరిగినది దాచకుండా శస్త్రవైద్యునికి చెప్పండి. ఆయనకు కావలసినది మీ శీలపత్రం కాదు, మీ కాలేయం ఎలా ఉన్నదన్న సమాచారం. అవసరమైతే వారం పొడిగిస్తారు. దాచితే ఆ సంగతి శస్త్రచికిత్స బల్ల మీద బయటపడుతుంది. ‘ఎంత తగ్గాలి, ఎందుకు తగ్గాలి, తగ్గకపోతే ఏమి చేస్తారు?’ అన్న మూడు ప్రశ్నలను మొదటి రోజే అడగండి. అడిగే హక్కు మీకు ఉన్నది.

నా ఆనాటి చీటీలో ఈ మూడింటికీ జవాబు లేదు. ఈనాడైతే నేను ఎన్ని కిలోలో, ఏ ఆహారంతోనో, ఎన్ని వారాలలోనో వ్రాసి ఉండేవాడిని. నొప్పి వచ్చినా, వాపు గట్టిపడినా ఆలోచించకుండా వచ్చేయమని ఉండేవాడిని. అన్నిటికంటె ముఖ్యంగా ఆ చీటీ అడుగున మరొక వాక్యం చేర్చి ఉండేవాడిని: ‘తగ్గినా, తగ్గకపోయినా, వచ్చే నెల ఇదే తేదీన నా వద్దకు రావలెను.’

ఆ వాక్యం ఉండి ఉంటే ఆమె వచ్చేది.